టెరిటోరియల్ ఆర్మీనా, హోంగార్డా, ఎన్‌సీసీనా? చేస్తున్న పని వదలకుండా యూనిఫాం వేసుకునే దారి ఏది? మన జిల్లాల వాళ్ళు చెప్పండి

అల్లూరు ఆక్వా:

అందరికీ నమస్కారం. నాది నెల్లూరు జిల్లా, అల్లూరు వైపు. వయసు ముప్పై. బీఎస్సీ చదివి, రొయ్యల చెరువుల నీళ్ళు, మట్టి పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, సాయంత్రాలు నాన్నతో కలిసి మా రెండు చెరువులు చూసుకుంటాను. చిన్నప్పటి నుంచి ఆర్మీ అంటే ప్రాణం, కానీ డిగ్రీ అయ్యే నాటికి ఇంట్లో అప్పులు, అక్క పెళ్ళి, దాంతో దరఖాస్తు దాకా కూడా పోలేదు. ఇప్పుడు రెగ్యులర్ ఆర్మీకి వయసు దాటిపోయింది. 2025 మే నెలలో టెరిటోరియల్ ఆర్మీని (టీఏ) పిలిపించుకునే అధికారం ఆర్మీ చీఫ్‌కి ఇచ్చారని వార్తల్లో చూశాక, ఉద్యోగం చేసుకుంటూ కూడా ఇలా చేరొచ్చని తెలిసింది. అప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది.

నా సందేహాలు: టీఏలో ఆఫీసరుగా ప్రయత్నించాలా, జవానుగానా? ప్రైవేటులో పనిచేసే వాడికి ఇది కుదురుతుందా? మా పక్కింటాయన హోంగార్డు అయితే ఊళ్ళోనే ఉండొచ్చు అంటున్నాడు, అది నిజమేనా? ఇంకొకటి, మా తమ్ముడికి పంతొమ్మిదేళ్ళు, ఇంటర్ అయింది. వాడు అగ్నివీర్‌కి (నాలుగేళ్ళ ఆర్మీ కొలువు) పోవాలా, లేక నాలాగే ఏదో ఒక పని చూసుకొని తర్వాత టీఏకి పోవాలా? తెలిసినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బుచ్చి రన్నర్:

అన్నా, టీఏ అంటే ధోనీ వేసుకున్న యూనిఫామే కదా, 42 ఏళ్ళ దాకా వయసు ఉంది, ఇంకేం ఆలోచిస్తున్నావు, పెట్టేయ్. ఏడాదికి రెండు నెలలు పోతే చాలు, మిగతా పది నెలలు మన పని మనది. నేను ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో రోజూ పొద్దున్నే పరుగు కొడుతున్నా, ఈసారి జవాన్ల భర్తీ ర్యాలీ ఎక్కడ పెట్టినా వెళ్తా.

ఒంగోలు బ్యాంకు:

తమ్ముళ్ళిద్దరికీ నమస్తే. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేస్తూ టీఏలో ఆఫీసరుగా ఉన్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. చదవడానికి ఓపిక పట్టండి.

ముందు ధోనీ సంగతి. ఆయనకు 2011లో ఇచ్చింది గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా. 106 పారా టీఏ బెటాలియన్‌తో 2019లో కాశ్మీర్ వెళ్ళి కొన్నాళ్ళు ఉన్నాడు, ఆ ఇష్టం నిజమైనదే, అందులో అనుమానం లేదు. కానీ నువ్వూ నేనూ పోయే దారి అది కాదు. మనం రాత పరీక్ష రాయాలి, ప్రిలిమినరీ ఇంటర్వ్యూ బోర్డు దాటాలి, ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే ఇంటర్వ్యూ బోర్డు), ఆ తర్వాత మెడికల్. అన్నీ దాటితే లెఫ్టినెంట్‌గా కమిషన్ ఇస్తారు. 2025 నోటిఫికేషన్‌లో దేశం మొత్తానికి ఖాళీలు 19, అందులో మహిళలకు ఒకటి. అంత ఇరుకు దారి. రాత పరీక్షలో రీజనింగ్, లెక్కలు, జనరల్ నాలెడ్జ్, ఇంగ్లీషు ఉంటాయి. పది, ఇంటర్ స్థాయి లెక్కలు మర్చిపోయిన వాళ్ళు ముందు వాటి మీద కూర్చోవాలి.

అర్హత: 18 నుంచి 42 ఏళ్ళు, డిగ్రీ, సొంతంగా సంపాదన ఉండాలి. ఈ చివరిది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అసలు టీఏ పుట్టిందే ఆ ఆలోచన మీద. 1948లో చట్టం చేశారు, 1949 అక్టోబరు 9న రాజాజీ గారు దీన్ని ప్రారంభించారు, అందుకే ఏటా ఆ రోజే టీఏ డే. బయట తన బతుకు తాను బతికే మనిషి, దేశానికి అవసరమైనప్పుడు వచ్చి నిలబడి, అవసరం తీరాక తన పనికి తాను పోవాలి. ప్రభుత్వ ఉద్యోగైనా, ప్రైవేటైనా, వ్యాపారమైనా, సేద్యమైనా ఫరవాలేదు. సొంత పని చేసుకునే వాళ్ళు ఆదాయం ఎంతో స్టాంపు పేపరు మీద అఫిడవిట్, పాన్ కార్డు చూపించాలి. ఉద్యోగస్తులకు యజమాని ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ఇప్పటికే సైన్యంలో, పోలీసుల్లో, పారామిలిటరీలో ఉన్నవాళ్ళు పనికిరారు.

ఇప్పుడు "ఏడాదికి రెండు నెలలు" అన్న మాట. ఆఫీసరైతే మొదటి ఏడాది నెల రోజులు బేసిక్ ట్రైనింగ్, దాంతోపాటు రెండు నెలల యాన్యువల్ క్యాంపు, మొదటి రెండేళ్ళలోపు చెన్నై ఓటీఏలో (ఆఫీసర్ల శిక్షణ అకాడమీ) మూడు నెలల శిక్షణ. అంటే మొదటి రెండేళ్ళు చాలా బరువు. ఆ తర్వాత కూడా రెండు నెలలనేది కనీసం మాత్రమే. అవసరం పడితే ఎంబాడీ చేస్తారు, అంటే పిలిచి పూర్తి స్థాయి సర్వీసులో పెడతారు, అది నెలలు కావచ్చు, ఏళ్ళు కావచ్చు. నువ్వు చూసిన 2025 మే 6 ఉత్తర్వు అదే. టీఏలో 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లు ఉంటే 14 బెటాలియన్లను ఎంబాడీ చేయొచ్చని, ఆ ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 దాకా అమల్లో ఉంటుందని చెప్పారు. సదరన్ కమాండ్ నుంచి నార్తర్న్ కమాండ్ దాకా, అండమాన్ నికోబార్ కూడా అందులో ఉన్నాయి.

అందుకే నేను ఎవరికైనా ముందు అడిగే ప్రశ్న ఒకటే. నువ్వు లేకుండా నీ ఇల్లు, నీ పని ఎన్నాళ్ళు నడుస్తాయి? దానికి జవాబు నీ దగ్గర ఉంటే అప్పుడు ఆఫీసరా జవానా అన్నది మాట్లాడుకుందాం.

అల్లూరు ఆక్వా:

చాలా థ్యాంక్స్ అన్నా. నా భయం సరిగ్గా అక్కడే. మా ల్యాబ్‌లో పొద్దున ఏడింటికల్లా రైతులు వాటర్ బాటిళ్ళు తెచ్చి వరసగా పెడతారు, మూత మీద మార్కర్‌తో చెరువు పేరు, ఎకరాలు, రొయ్యపిల్ల వదిలి ఎన్ని రోజులైందో రాసి ఉంటుంది. అమ్మోనియా, పీహెచ్, ఆల్కలినిటీ, విబ్రియో బ్యాక్టీరియా చూసి తొమ్మిదింటికల్లా చెప్పాలి, ఎందుకంటే దాన్ని బట్టే వాళ్ళు ఆ రోజు మేత వేస్తారు. ముగ్గురమే ఉంటాం. నేను రెండు నెలలు లేకపోతే ఓనరు ఇంకొకరిని పెట్టుకుంటాడు, తిరిగొచ్చాక నా కుర్చీ ఉంటుందా? చట్టం ఏమైనా ఉందా అన్నా?

పైగా క్యాంపు తేదీలు మనం ఎంచుకోవచ్చా? మా చెరువులు పట్టుబడికి వచ్చే టైములో నాన్న ఒక్కడే అయితే చాలా కష్టం.

ఒంగోలు బ్యాంకు:

చట్టం ఉంది. టీఏ చట్టంలో 7ఏ సెక్షన్ ప్రకారం మిలిటరీ సర్వీసుకు వెళ్ళి వచ్చిన వాడిని యజమాని తిరిగి పనిలో పెట్టుకోవాలి, ముందున్న దానికన్నా తక్కువ షరతుల మీద కాదు. కుదరదని మొండికేస్తే దాన్ని తేల్చే అధికారి ఉంటాడు, తిరిగి తీసుకోమనో, పరిహారం ఇమ్మనో చెప్పొచ్చు. ఇది కాగితం మీద. బ్యాంకులో, రైల్వేలో, కేంద్ర సంస్థలో పనిచేసే వాళ్ళకి సర్క్యులర్లు ఉంటాయి, హెచ్‌ఆర్ వాళ్ళకి ఎంతో కొంత తెలుసు, నాకు ఆ మేరకు ఇబ్బంది లేదు. ముగ్గురు పనిచేసే ల్యాబ్‌లో, ఓనరుకి నీకు మధ్య ఉన్న సంబంధమే నీ చట్టం. కోర్టుకు పోయి గెలిచి అదే టేబుల్ దగ్గర కూర్చోవడం ఎవరికి కుదురుతుంది చెప్పు.

క్యాంపు తేదీలు యూనిట్ నిర్ణయిస్తుంది. ముందే మాట్లాడితే కమాండింగ్ ఆఫీసర్లు కొంత వింటారు, కానీ దాని మీద ఆశ పెట్టుకొని చెరువులో పిల్ల వదలకు.

రిటైర్డ్ సుబేదార్ కొత్తపట్నం:

బాబూ, నేను రెగ్యులర్ ఆర్మీలో చేసి వచ్చినవాణ్ణి. కాశ్మీర్‌లో మా పక్కనే టీఏ కంపెనీ ఒకటి ఉండేది. డ్యూటీ దగ్గర ఎవరు రెగ్యులరో ఎవరు టీఏనో దూరం నుంచి చూసి చెప్పలేం. అదే రైఫిల్, అదే రాత్రి గస్తీ, అదే చలి. కాల్చేవాడు "వీడు పార్ట్‌టైమ్" అని చూడడు. ఈ మాట ముందు మీ అమ్మానాన్నలకు చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాక దరఖాస్తు పెట్టండి.

టీఏ జవాన్ల బాధ నేను దగ్గర నుంచి చూసింది ఒకటుంది. రెగ్యులర్ వాడికి పదిహేనేళ్ళు నిండితే పెన్షన్ అని లెక్క తెలుసు. టీఏ జవానుకూ పదిహేనేళ్ళు కావాలి, కానీ అది ఎంబాడీ అయిన సర్వీసు పదిహేనేళ్ళు. ఆఫీసరుకు ఇరవై ఏళ్ళు. మధ్యలో యూనిట్‌ను డిస్‌ఎంబాడీ చేస్తే ఇంటికి పంపేస్తారు, ఆ కాలం లెక్కలోకి రాదు. నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు రాసుకున్న కుర్రాడు, లాన్స్ నాయక్, ఆ పెట్టె మీదే కూర్చొని ఇంటికి పోతే ఏం చెయ్యాలి సాబ్ అని నన్ను అడిగాడు. వాడికి ఊళ్ళో పొలం లేదు, పని లేదు, టీఏనే ఉద్యోగం అనుకొని వచ్చాడు. అదే యూనిట్‌లో ఇంకొకడికి ఇంటి దగ్గర కిరాణా షాపు, తమ్ముడు చూసుకుంటున్నాడు, వాడు నవ్వుతూ సెలవు తీసుకున్నట్టు వెళ్ళిపోయాడు. ఇద్దరిదీ ఒకే ర్యాంకు, ఒకే జీతం.

అల్లూరు బాబుకి నా సలహా, నీకు డిగ్రీ ఉంది, ఆఫీసరుకి ప్రయత్నించు. రాకపోతే బాధపడకు. జవానుగా చేరే ముందు మాత్రం ఆ ఇద్దరిలో నువ్వు ఎవరివో చూసుకో.

చీమకుర్తి కుర్రాడు:

సార్, నేను ఆ మొదటి వాడినే అవుతానేమో. నాకు 24. బీకాం అయింది. గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ దగ్గర కొన్నాళ్ళు చేశా, ఆర్డర్లు లేవని ఆపేశారు. అగ్నివీర్ వయసు దాటింది. టీఏ జవాన్ల ర్యాలీకి పదో తరగతి చాలు, 42 దాకా వయసు, మనకి ఇంతకన్నా ఏం దొరుకుతుంది? ఎంబాడీ అయినన్నాళ్ళు రెగ్యులర్ జవానుకిచ్చే జీతమే ఇస్తారు కదా. రేపు ఏమవుతుందో అని ఇవాళ వచ్చేది వదులుకోమంటారా?

ఒంగోలులో ఒకాయన టీఏలో ఖాయంగా పెట్టిస్తా, మూడు లక్షలు ఇవ్వమంటున్నాడు. ఆయన మాట నమ్మొచ్చా అనేది కూడా చెప్పండి.

రిటైర్డ్ సుబేదార్ కొత్తపట్నం:

ఆ మూడు లక్షల మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు బాబూ. పరుగు నువ్వు పరిగెత్తాలి, బీమ్ మీద పుల్ అప్స్ నువ్వు తీయాలి, తొమ్మిదడుగుల గుంట నువ్వు దూకాలి, మెడికల్‌లో నీ కళ్ళు, నీ చెవులు చూస్తారు. వీటిలో ఆయన చేయించగలిగింది ఏదీ లేదు. పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటారు, వాళ్ళలో ఇద్దరు సొంతంగా సెలెక్ట్ అయితే మేమే పెట్టించామంటారు, మిగతావాళ్ళకి సగం తిరిగిచ్చి నోరు మూయిస్తారు. మా వీధిలో ఒక కుటుంబం ఇలాగే గేదెలమ్మి కట్టింది. పోలీస్ స్టేషన్‌కి పోవడానికి కూడా సిగ్గుపడి ఊరుకున్నారు. ఎవరైనా డబ్బడిగితే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి అడగండి, ఒంగోల్లోనూ ఉంది, నెల్లూరులోనూ ఉంది.

ఇవాళ వచ్చేది వదులుకోమని నేను అనను. వెళ్ళు. సెలెక్ట్ అయితే అందులో ఉన్నప్పుడే డ్రైవింగ్ లైసెన్సో, ఏదైనా ట్రేడో చేతిలో పెట్టుకో. పంపినప్పుడు ఇంటికొచ్చి చెయ్యడానికి ఒక పని ఉండాలి, అంతే.

బుచ్చి రన్నర్:

సుబేదార్ గారూ, ర్యాలీలు మన దగ్గర ఎందుకు పెట్టరు సార్? కోయంబత్తూరు, బెళగావి, కొల్హాపూర్ అంటారు. పోను రాను ఖర్చు, అక్కడ రోడ్డు పక్కన పడుకోవడం. మనవాళ్ళు సగంమంది అందుకే పోరు.

ఒంగోలు బ్యాంకు:

బెటాలియన్లు ఉన్న చోట పెడతారు తమ్ముడూ. మనకు దగ్గరలో సికింద్రాబాద్‌లో 125 గార్డ్స్, కోయంబత్తూరులో 110 మద్రాస్ ఉన్నాయి. నోటిఫికేషన్‌లో ఏ రాష్ట్రం వాళ్ళు ఏ రోజు రావాలో విడిగా ఇస్తారు, ఆ రోజు కాకుండా ఇంకో రోజు పోతే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు. రిజర్వేషన్ చేయించుకొని ఒక రోజు ముందే చేరి నిద్రపోయి పరిగెత్తండి. రాత్రంతా జనరల్ బోగీలో నిలబడి వెళ్ళి తెల్లారి 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొట్టడం బాగా ప్రాక్టీసు ఉన్నవాడి వల్ల కూడా కాదు.

నెల్లూరు ట్రంక్ రోడ్డు:

అందరూ ఏమనుకున్నా సరే, నా అభిప్రాయం చెప్తా. ఈ పార్ట్‌టైమ్ ఆర్మీ అనేది కడుపు నిండిన వాళ్ళకి. సచిన్ పైలట్ 2012లో చేరాడు, అనురాగ్ ఠాకూర్ 2016లో చేరాడు, ఇద్దరూ రాజకీయ నాయకులు, వాళ్ళకేం, ఇల్లు నడవడానికి వాళ్ళ జీతం అక్కర్లేదు. ల్యాబ్‌లో నెల జీతం మీద బతికేవాడికి, రెండు చెరువుల అప్పు ఉన్నవాడికి ఎందుకీ టెన్షన్? దేశానికి చెయ్యాలంటే మంచి రొయ్య పండించు, టాక్స్ కట్టు, రక్తం ఇవ్వు. అది సేవ కాదా?

ఒంగోలు బ్యాంకు:

సేవే. కాదని ఎవరన్నారు. కానీ ఒక మనిషికి ఫలానా పని చెయ్యాలని మనసులో ఉంటే, దాన్ని ఇంకో పనితో మర్చిపో అనడం న్యాయం కాదు.

ఇంకో మాట. మా యూనిట్‌లో స్కూల్ టీచరున్నాడు, ట్రాక్టరు మెకానిక్కున్నాడు, కొబ్బరికాయల వ్యాపారి ఉన్నాడు. పేపర్లో ఫొటో వచ్చేది మంత్రులదీ క్రికెటర్లదీ కాబట్టి మనకు వాళ్ళే కనిపిస్తారు. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండ విరిగిపడినప్పుడు మొదట చేరిన బలగాల్లో 122 మద్రాస్ టీఏ బెటాలియన్ ఒకటి. తర్వాత మోహన్‌లాల్ గారు వచ్చారు, ఆయనకు అదే బెటాలియన్‌లో గౌరవ హోదా ఉంది, టీవీలన్నీ ఆయన్నే చూపించాయి. బురదలో నుంచి మనుషుల్ని బయటకు తీసింది పేర్లు తెలియని జవాన్లు. కడుపు నిండినవాళ్ళ సరదా అనేస్తే ఆ జవాన్ల కష్టం ఎక్కడికి పోవాలి?

డబ్బు విషయంలో మాత్రం మీరు చెప్పింది ఒప్పుకుంటాను. లెఫ్టినెంట్‌కి మూలవేతనం 56,100, మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ వగైరా వేరే. వినడానికి బాగుంటుంది, కానీ అది క్యాంపులోనో, ఎంబాడీ అయ్యో ఉన్న రోజులకే. ఇంట్లో ఉన్న నెలకు టీఏ నుంచి ఏమీ రాదు. ఈఎంఐలు దాని మీద లెక్క వేసుకోకూడదు.

హోంగార్డు ఇంటి మనిషి:

మొదటి పోస్టులో హోంగార్డు అయితే ఊళ్ళోనే ఉండొచ్చు అన్నారు, దానికి నేను చెప్తాను, మా ఆయన హోంగార్డే. పేరుకు స్వచ్ఛంద సేవ. మన దేశంలో 1946లో బొంబాయిలో మొదలైంది, చైనా యుద్ధం తర్వాత అన్ని రాష్ట్రాల్లో ఒకే పద్ధతికి తెచ్చారు, డిసెంబరు 6న రైజింగ్ డే చేస్తారు. పోలీసులకు సాయంగా ఉండాలి, తుఫాన్లప్పుడు, ఎన్నికలప్పుడు, తిరణాళ్ళప్పుడు. ఇది సైన్యం కాదన్నా, పోలీసు శాఖ కింద ఉంటుంది. మీ కోరిక ఆర్మీ అయితే ఇది ఆ కోరిక తీర్చదు.

ఇక పార్ట్‌టైమ్ అనే మాట మర్చిపోండి. మా ఇంట్లో అది పూర్తి ఉద్యోగమే. ట్రాఫిక్‌లో పొద్దున నిలబడితే రాత్రికి వస్తారు. డ్యూటీ చేసిన రోజుకే అలవెన్స్, 2019లో 600 ఉన్నదాన్ని 710 చేశారు. జ్వరమొచ్చి పడుకుంటే ఆ రోజు సంగతేంటని ఇంట్లో అందరికీ గుబులే. కానిస్టేబుల్ కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పాకే రాష్ట్రాల్లో కొంత కదలిక వచ్చింది. మా ఆయన ఆ పనిని ఎంత ఇష్టంగా చేస్తారో నాకు తెలుసు, పెన్నా వరదలప్పుడు మూడు రోజులు ఇంటికే రాలేదు. కానీ వేరే ఉద్యోగం చేసుకుంటూ పక్కన హోంగార్డు చేద్దామనుకుంటే కుదరదు. ల్యాబ్ ఉద్యోగం ఉన్నవాళ్ళు దీంట్లోకి రావద్దు.

అల్లూరు ఆక్వా:

అక్కా, ఇంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు. అన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. హోంగార్డు ఆలోచన ఇక్కడితో వదిలేస్తున్నా.

కావలి లెక్చరర్:

నేను ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ ఎన్‌సీసీ ఆఫీసరుగా ఉన్నాను. అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్ అంటారు. టీచర్లకు, లెక్చరర్లకు ఉద్యోగం వదలకుండా యూనిఫాం వేసుకునే దారుల్లో బాగా కుదిరేది ఇదే అనిపిస్తుంది నాకు. కమిషన్ ఇస్తారు, అది ఎన్‌సీసీ కమిషన్, ఆర్మీ కమిషన్ కాదు, ఈ తేడా మొదటే తెలుసుకోవాలి. మనల్ని సరిహద్దుకు పంపరు. మన పని పిల్లల్ని తయారుచెయ్యడం. ఏడాదిలో పదేసి రోజుల క్యాంపులు, వారం వారం పరేడ్లు. క్యాంపులో నూట యాభై మంది ఆడపిల్లలకు రాత్రి పూట నేనే బాధ్యురాలిని, ఒకమ్మాయికి కడుపునొప్పి అన్నా, ఇంకొకమ్మాయి ఇంటి మీద బెంగతో ఏడ్చినా నా టెంటుకే వస్తారు. ఇచ్చే గౌరవ వేతనం చిన్నది. నేను దాని కోసం చెయ్యడం లేదు.

అల్లూరు తమ్ముడికి ఇది వర్తించదు, ఎందుకంటే విద్యాసంస్థలో ఉద్యోగం ఉండాలి. కానీ ఇక్కడ చదివే డిగ్రీ పిల్లలకు ఒకటి చెప్పాలి. ఎన్‌సీసీ సి సర్టిఫికెట్ కనీసం బి గ్రేడుతో ఉండి, డిగ్రీలో 50 శాతం వస్తే, ఆర్మీలో షార్ట్ సర్వీస్ కమిషన్‌కి సీడీఎస్ (ఆఫీసర్ల ఎంపికకు పెట్టే) రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ అంటారు. 19 నుంచి 25 ఏళ్ళు, పెళ్ళి కాకూడదు, అమ్మాయిలకూ ఉంది. పదేళ్ళ సర్వీసు, కావాలంటే ఇంకో నాలుగేళ్ళు. శిక్షణ ఓటీఏలో, చెన్నై సెంటరైతే నెల్లూరు నుంచి రైలెక్కితే మధ్యాహ్నానికి చేరిపోయే దూరం. అది పార్ట్‌టైమ్ కాదు, నిజమే, కానీ జీవితమంతా అక్కడే ఉండక్కర్లేదు అనుకునేవాళ్ళకి టీఏ కన్నా మంచి దారి. మా జిల్లా అమ్మాయిలు ఎన్‌సీసీలో బాగా చేసి కూడా ఈ ఎంట్రీ ఉందనే సంగతి తెలియక పెళ్ళిళ్ళు చేసుకొని వెళ్ళిపోతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. దయచేసి మీ ఇళ్ళల్లో చెప్పండి.

అమ్మాయిలు టీఏ ఆఫీసరుగా కూడా దరఖాస్తు పెట్టొచ్చు, 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు తర్వాత ఆ అడ్డు పోయింది.

నెల్లూరు ట్రంక్ రోడ్డు:

మేడమ్ చెప్పింది నచ్చింది. మా అన్న కూతురు సెకండియర్, ఎన్‌సీసీలో ఉంది. ఇవాళే ఫోన్ చేసి చెప్తా.

రిటైర్డ్ సుబేదార్ కొత్తపట్నం:

తమ్ముడి గురించి ఎవరూ మాట్లాడలేదు. పంతొమ్మిదేళ్ళ పిల్లాడికి టీఏ గురించి ఇప్పుడు చెప్పొద్దు. ముందు అగ్నివీర్. నాలుగేళ్ళు పూర్తి సైన్యం, తర్వాత పాతిక శాతం మందిని ఉంచుకుంటారు. మొదటి ఏడాది నెలకు 30,000 అని చూపిస్తారు, అందులో ముప్పై శాతం నిధికి పోగా చేతికి 21,000. నాలుగో ఏడాదికి ఆ 30,000 కాస్తా 40,000 అవుతుంది. దిగేటప్పుడు వాడి వాటా, ప్రభుత్వం వేసిన అంతే వాటా కలిపి సుమారు పది లక్షలు, వడ్డీ అదనం, పన్ను లేదు. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. నాకు ఈ పథకం మీద అభ్యంతరాలు ఉన్నాయి, నాలుగేళ్ళలో జవాను పూర్తిగా తయారవ్వడనే నా నమ్మకం. అయినా మీ వాడికి పంపమనే చెప్తా, ఎందుకంటే దిగేనాటికి వాడి వయసు ఇరవై మూడు, ఇరవై నాలుగు. చేతిలో డబ్బుంటుంది, శిక్షణ ఉంటుంది, కేంద్ర బలగాల్లో రిజర్వేషన్ ఉంటుంది, అప్పుడు ఏదైనా పని పెట్టుకొని టీఏకి కూడా రావొచ్చు, 42 దాకా టైముంది. ఇదే తిరగేసి చెయ్యాలంటే కుదరదు. అగ్నివీర్ వయసు దాటితే మళ్ళీ రాదు.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండూ గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు కిందకి వస్తాయి. ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ర్యాలీ. 2025 నుంచి పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు, ఇంగ్లీషుకు భయపడే పిల్లలకి అది పెద్ద ఊరట.

చీమకుర్తి కుర్రాడు:

ఇంకో ప్రశ్న సార్. నేవీలో, ఎయిర్‌ఫోర్స్‌లో టీఏ లాంటిది ఏమైనా ఉందా? మాది తీరం పక్క జిల్లా కదా, నేవీ అయితే బాగుండు అనిపిస్తుంది.

ఒంగోలు బ్యాంకు:

మామూలు పౌరుడు ఉద్యోగం చేసుకుంటూ దరఖాస్తు పెట్టుకునేలా వాటిలో ఏమీ లేదు తమ్ముడూ. సచిన్ టెండూల్కర్‌కి 2010లో ఎయిర్‌ఫోర్స్ ఇచ్చింది గౌరవ గ్రూప్ కెప్టెన్. మనకున్నది టీఏ ఒక్కటే. టీఏలో కూడా అన్నీ ఒకటి కాదు. ఇన్‌ఫాంట్రీ అందరికీ. అడవులు పెంచే ఎకలాజికల్ బెటాలియన్లు మాజీ సైనికులతో నడుస్తాయి. ఆయిల్ సంస్థల యూనిట్లలో ఆ సంస్థల ఉద్యోగులే ఉంటారు. నువ్వు అడగాల్సింది ఇన్‌ఫాంట్రీ గురించే.

యూనిఫాం లేకపోయినా ఫరవాలేదు, తుఫానొస్తే ముందు నిలబడాలి అనుకునే వాళ్ళకి సివిల్ డిఫెన్స్ వాలంటీరు, ఆపద మిత్ర అని ఉన్నాయి. ఆపద మిత్రలో పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చి వరదలో మనిషిని ఎలా బయటికి తేవాలో నేర్పుతారు. మన తీరంలో ప్రతి నవంబరూ వాయుగుండం వార్తే కదా. ఏ ఉద్యోగానికీ అడ్డం రాని సేవ అది, కలెక్టరాఫీసులో విపత్తుల విభాగంలో అడగండి.

అల్లూరు ఆక్వా:

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. రెండు రోజులుగా నాన్నతో, మా ఆవిడతో కూర్చొని మాట్లాడాను. మా ఆవిడ ఒకటే అడిగింది, "రెండు నెలలు సరే, రెండేళ్ళంటే?" అని. దానికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, ఇప్పుడున్న అప్పుతో మా ఇల్లు నేను లేకుండా రెండేళ్ళు నడవదు. ఒక చెరువు లీజు వచ్చే ఏడాదితో అయిపోతుంది, దాన్ని వదిలేస్తే నాన్నకు ఒక్క చెరువు, అది ఆయన ఒక్కడే చూసుకోగలడు. అందుకని జవాన్ల ర్యాలీకి వెళ్ళను. ఆఫీసరు పరీక్ష నోటిఫికేషన్ వస్తే రాస్తాను, అది పూర్తయి ఎస్‌ఎస్‌బీ దాకా పోయేసరికి ఎలాగూ ఏడాది పడుతుంది, ఈలోపు అప్పు కొంత తీరుతుంది. ఓనరుతో కూడా మాట్లాడాను. ఆయన ఎన్‌ఓసీ ఇస్తానన్నాడు, కానీ క్యాంపు ఉన్న నెలల్లో నా బదులు పనిచేసేవాడిని నేనే నేర్పి పెట్టాలన్నాడు. అది న్యాయమే అనిపించింది, ఒక కుర్రాణ్ణి ఇప్పటి నుంచే టెస్టులకి కూర్చోబెడుతున్నా.

తమ్ముడు అగ్నివీర్‌కే. వాడికి సుబేదార్ గారి పోస్టు చదివి వినిపించాను. రేపటి నుంచి వాడు, బుచ్చి రన్నర్ కలిసి పరిగెత్తుతామని మాట్లాడుకున్నారు. సార్, దరఖాస్తుకి ముందు ఇంకేమైనా సరిచూసుకోవాలా?

రిటైర్డ్ సుబేదార్ కొత్తపట్నం:

సంతోషం బాబూ. కాగితాలు చూసుకోండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో వాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మనవాళ్ళకి ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది, పరుగులో ఫస్టొచ్చిన పిల్లల్ని కూడా దాని మీద ఆపేస్తారు. తేడా ఉంటే నోటిఫికేషన్ దాకా ఆగకుండా ఈ వారమే మీసేవకి పంపించి ఆధార్ సరిచేయించండి. నేటివిటీ, కులం సర్టిఫికెట్లు కొత్తవి తీసిపెట్టండి. పళ్ళు, చెవులు డాక్టరుకి చూపించండి, చెవిలో గుబిలి ఉంటే ఇప్పుడే తీయించండి. మోచేతి కింద కాకుండా వేరే చోట పచ్చబొట్టు ఉంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, చూసి చెప్తాను.

అల్లూరు ఆక్వా:

పదో తరగతిలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది సార్, ఆధార్‌లో పూర్తిగా ఉంది. సోమవారం వెళ్తాం.